పదిహేడో ప్రశ్నాయన

మా వదిన స్క్రూడ్రైవర్ పట్టిందంటే చచ్చిన కంప్యూటర్ లేచి కూర్చుంటుంది. నేను కోతలు కోస్తానని అందరూ అంటారు గానీ, ఈ ఒక్క విషయంలో తగ్గించే చెప్తున్నా. రిపేరు షాపులో తొమ్మిదేళ్లుగా ఆ బల్ల ఆవిడదే. పేరెవరికీ గుర్తులేదు, స్క్రూలమ్మ అంటారు. కస్టమర్ని నాలుగు మాటలు అడక్కుండా మూత విప్పదు.

ఆ అలవాటే కొంప ముంచింది. టెక్నీషియన్ సర్టిఫికెట్ పరీక్ష రెండుసార్లు తప్పింది.

"ఈసారీ పోయిందంటే బల్ల దగ్గర సర్టిఫికెట్ ఉన్నోడు కూర్చుంటాడు. నువ్వు కౌంటర్లో టోకెన్లు చింపుకో," అన్నాడు ఓనరు.

వదిన మూడోసారి ఫీజు కట్టింది.

పరీక్ష హాలు సంగతి మీకు తెలిసిందే. పేపరు తిప్పగానే ప్రశ్నల్లోని కస్టమర్లు మిషన్లు మోసుకుంటూ బల్ల బల్లకీ వస్తారు. వాళ్లతో మాట్లాడకూడదు. టిక్కు పెట్టి పంపెయ్యాలి. ప్రశ్న అరకొరగా రాస్తే మనిషీ అరకొరగానే వస్తాడు.

పదిహేడో ప్రశ్న: 'కస్టమర్ కంప్యూటర్ ఆన్ అవడం లేదు. అన్నిటికంటే ముందు ఏం చేయాలి?' ప్లగ్గు చూడాలి, పవర్ సప్లై మార్చాలి, ర్యామ్ తీసి పెట్టాలి, పైవన్నీ. మార్కు 'పైవన్నీ'కే. అన్నిటికంటే ముందు అన్నీ ఎలా చేస్తారో రాసిన మహానుభావుడికే తెలియాలి!

ఆ ప్రశ్నాయన వచ్చాడు. చొక్కాకి ముందువైపే ఉంది, వెనక లేదు. వదిన పెన్ను ఎత్తింది. నోరు ఊరుకుంటుందా?

"ఏమయ్యా, ఆఖరిసారి ఎప్పుడు ఆన్ అయింది?"

హాలంతా పెన్నులు ఆపి ఇటు తిరిగింది. ఆయన చేతుల్లో డబ్బా జారబోయింది.

"నన్నేనామ్మా? పదకొండేళ్లుగా తిరుగుతున్నా, ఒక్కరూ అడగలేదు. నాకూ తెలీదమ్మా. అంతవరకూ రాయలేదు."

వదిన డబ్బా వెనక్కి తిప్పింది. వైరే లేదు! లేని ప్లగ్గు చూసేసి పదకొండేళ్లుగా జనం పాసైపోతున్నారు.

"సార్, మీ కంప్యూటర్ వైరు ఒక్కసారి ఇవ్వండి," అంది కాపలా ఉన్న హాలు సారుతో.

"ప్రశ్నతో మాట్లాడ్డమే తప్పు, పైగా రిపేరా?" అంటూనే, తెరిచిన నోరు మూయకుండా వైరు పీకి ఇచ్చాడు హాలు సారు.

డబ్బా బుర్రుమంది. ఆయన చొక్కాకి వీపు మొలిచింది. కళ్లు తుడుచుకుని, డబ్బా చంకనపెట్టుకుని, తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. ఆ కంగారులో వదిన టిక్కు పెట్టడం మర్చిపోయింది.

ఒక్క మార్కులో తప్పింది.

ఒకటో తారీకు పొద్దున్నే టోకెన్ల కట్టతో కౌంటర్ వెనక నిలబడింది. ఓనరు లోపల్నుంచి షట్టర్ ఎత్తి, ఎత్తిన చెయ్యి దించకుండా కొయ్యబారిపోయాడు. గుమ్మంలో పదిహేడో ప్రశ్నాయన! వెనక వీధి మలుపు దాకా జనం. ఒకాయనకి చెవుల్లేవు. ఒకావిడ చంకలో ప్రింటరు కాగితాలు నములుతోంది.

"మీ హాలు సారు వైరు ఇచ్చేద్దామని బయల్దేరానమ్మా. వీళ్లంతా వేరే వేరే ప్రశ్నలోళ్లు. అడిగే ఆవిడ ఉందంటే వెంటపడ్డారు."

"మా కొత్త టెక్నీషియన్ చూస్తాడు. సర్టిఫికెట్ ఉంది," అన్నాడు ఓనరు.

"అడుగుతాడా?" అంది ప్రింటరావిడ.

కొత్త టెక్నీషియన్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. తర్వాత మెల్లిగా బల్ల ముందు నుంచి లేచాడు.

వదిన వచ్చి కూర్చుంది. "చెప్పమ్మా, ఎప్పట్నుంచి నములుతోంది?"

కౌంటర్లో టోకెన్లు ఎవరో ఒకరు చింపాలిగా. ఇప్పటికీ ఓనరే చింపుతున్నాడు.