డాబా మీద నిలబెట్టిన నీళ్ళు

అరచేత్తో కాదు, చేతి వెనకవైపుతో గోడను తాకుతూ నడుస్తున్నాడు సాలమోను మేస్త్రి. వీధి గుమ్మం పక్కన మొదలుపెట్టి, హాలు దాటి, పడకగది మూలకు వచ్చాడు. చెయ్యి ఎక్కడా గోడను వదల్లేదు.

"ఏంటండీ మేస్త్రిగారూ, గోడకి జొరం చూస్తున్నారా?" అన్నాడు శివనాగరాజు. ఇళ్ళూ స్థలాలూ కుదిర్చే మనిషి. తాళాల గుత్తి ఆడిస్తూ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఉంటే మందేద్దామనండి," అన్నాడు మేస్త్రి, చెయ్యి తియ్యకుండానే.

ఆయన అరచేతులు ఎప్పుడో మొద్దుబారాయి. పడుచుతనం నుంచి సున్నమూ సిమెంటూ తినేసిన చేతులు. రేషను దుకాణంలో మిషను మీద వేలు పెడితే ఆ మిషనుకి మనిషి కనపడడు. తుడిచి పెట్టు, ఇటు తిప్పి పెట్టు అని డీలరు నెలనెలా విసుక్కుంటాడు. చేతి వెనక చర్మం మాత్రం ఇంకా బతికే ఉంది. చెమ్మ ఎక్కడుందో దానికే తెలుస్తుంది.

"మీరూ చూడండమ్మా," అని ఇల్లు కొనడానికొచ్చిన రాజ్యం చెయ్యి తిరగేసి గోడకి ఆనించాడు. "ఇక్కడ పొడి. కాస్త కిందకి రండి. అదీ పొడే. బాగుంది."

రాజ్యం చేతులు కూడా అలాంటివే. కూతురు పలకాబలపం పట్టిన ఏడాది ఇంటిపనికి కువైట్ వెళ్ళి, ఆ పిల్ల కాలేజీ దాటాక తిరిగొచ్చింది. అక్కడ ఆమె పడుకున్న గదిలోనే బట్టలుతికే మిషను కూడా ఉండేది. అది తిరిగినంతసేపూ మంచం అదిరేది. తన గోడల మధ్య, అదరని మంచం మీద పడుకోవాలని ఆమె కోరిక. అమలాపురం శివారున ఈ డాబా ఇల్లు దొరికింది. ఉన్నదంతా ఇందులో పెడితే వెనక ఏమీ మిగలదు. ఇల్లు తేడా వచ్చిందా, మళ్ళీ విమానం ఎక్కాలి. "ఈసారి ఒళ్ళు ఒప్పుకోదు బాబాయిగారూ," అని బస్సులోనే చెప్పేసింది. అప్పట్నించీ ఆమె మొహంలో నవ్వు లేదు.

కోనసీమలో ఇల్లు కొనేవాళ్ళు ముందు సిద్ధాంతిగారిని తీసుకొస్తారు. ఆయన గుమ్మాలు లెక్కపెట్టి, ఈశాన్యం చూసి, తాంబూలం పుచ్చుకుని వెళతాడు. పక్కింటివాళ్ళు ఎవరో, ఏమిటో ఆరా తీస్తారు. బోరు నీళ్ళు చప్పనా ఉప్పనా అని ఒక గుక్క తాగి చూస్తారు. తల పైకెత్తేవాడు ఉండడు. పాలు పొంగించాక వచ్చే మొదటి వానలో ఇంటిల్లిపాదీ ఒక్కసారే తలెత్తుతారు. అప్పటికి అమ్మినవాడు ఫోను ఎత్తడు.

సాలమోనుకి ఇదొక ఉద్యోగమని ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు ఇటుకలు మోశాడు. తర్వాత ఎర్రయ్య మేస్త్రి దగ్గర తాపీ పట్టాడు. రాజోలు చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళు లేపాడు, వాటి గృహప్రవేశాల్లో ఆఖరి బంతిలో కూర్చుని భోంచేశాడు. తను ఉండేది కాలనీ ఇంట్లో. మోకాలు మొరాయించి పరంజా ఎక్కడం మానేశాక, ఓసారి మేం కొనే ఇల్లు చూసిపెట్టండి మేస్త్రిగారూ అని ఒకరు పిలిచారు. ఆ ఇంటివాళ్ళు మరొకరికి చెప్పారు. బస్సు చార్జీ ఇచ్చి, మధ్యాహ్నం అన్నం పెడితే వస్తాడు. అమ్మేవాళ్ళు పెట్టిన కాఫీ మాత్రం ముట్టడు.

ఆయన కిటికీ మూలల దగ్గర ఆగాడు. ఏటవాలు పగుళ్ళు ఉన్నాయేమోనని వంగి చూశాడు. లేవు. వేలి కణుపుతో గోడ మీద కొట్టి విన్నాడు. గుల్ల చప్పుడు లేదు. స్నానాలగదిలో చెంబుడు నీళ్ళు ఒలకబోసి, అవి మూలలో నిలబడతాయో, గొట్టం వైపు పోతాయో చూస్తూ కూర్చున్నాడు. పెరటి గోడ మీద గోరుతో గిల్లి, ఆ పొడి నాలుక మీద వేసుకున్నాడు.

శివనాగరాజు పకపకా నవ్వాడు. "ఉప్పు సరిపోయిందాండీ?"

"సరిపోలేదండి. అదే మనకి కావాలి. సముద్రం ఇసక కాదు, ఏటి ఇసకే. కట్టినాయన ఎవరో గాని శుభ్రంగా కట్టేడు."

గోడ అవతల బట్టలారేస్తున్న ముసలామెను పలకరించాడు. వరదొస్తే నీరు ఎందాకా వస్తుందని అడిగాడు. రోడ్డు దాటి రాలేదంది ఆవిడ. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు వంటింట్లోకి వచ్చారు.

ఇల్లంతా రంగు పాతబడింది. వంటింటి పైకప్పు ఒక్కటే తెల్లగా మెరుస్తోంది. మేస్త్రి తల వెనక్కి వాల్చి దాన్నే చూస్తూ ఉండిపోయాడు. గొంతు మీద నరాలు తేలాయి. ఆయన చూస్తున్నంతసేపూ శివనాగరాజు మాట్లాడుతూనే ఉన్నాడు.

"పొగ పట్టిందని సున్నం వేయించేరండి. ఓనరుగారు బలే శుభ్రం మనిషి. ఈ గాలి చూడండి, ఈ వెలుతురు చూడండి. మీకు తెలీందేముంది, ఇల్లు నిక్షేపంలా ఉంది."

"ఆయ్," అన్నాడు మేస్త్రి, కళ్ళు పైకప్పు మీంచి తియ్యకుండా.

ఎదుటివాడు మాట్లాడుతున్నాడు, తను వింటున్నాడు. అంతే ఆ మాట. పాస్టరుగారికీ అదే చెబుతాడు, మబ్బేసిందన్నవాడికీ అదే చెబుతాడు. కాని శివనాగరాజు ఆ మాటను కింద పడనివ్వలేదు.

"విన్నారుగా అక్కగారూ. మేస్త్రిగారి నోటంట వచ్చింది. ఇంకేం కావాలి మీకు?"

రాజ్యం గట్టిగా ఊపిరి వదిలింది. వంటగట్టు మీద చెయ్యి వేసి నిమిరింది. "పొయ్యి ఇక్కడ పెట్టుకుంటాను. బియ్యం డబ్బా ఆ మూల," అంటూ నవ్వింది. పొద్దుట్నించీ అదే మొదటి నవ్వు. "అమ్మాయికి ఫోన్ చేసి చెప్పేస్తాను బాబాయిగారూ."

మేస్త్రి తల దించి ఆ నవ్వు చూశాడు. ఏం జరిగిందో అప్పటికి అర్థమైంది. ఇంత పెద్ద పని ఇంత చిన్న మాట చేసిందా అన్నట్టు కాసేపు తడబడ్డాడు. ఒక్క క్షణం ఊరుకుంటే చాలు, అందరూ సంతోషంగా బస్సెక్కేవారు.

"నేను ఆయన మాటకి ఆయ్ అన్నానమ్మా. ఇంటికి అనలేదు."

రాజ్యం ఫోను చేతిలోనే ఉండిపోయింది.

"అదేంటండీ, మాటకో ఆయ్, ఇంటికో ఆయ్ వేరేగా ఉంటాయా?" అన్నాడు శివనాగరాజు.

"ఉంటాయండి. మాటకైతే ఊరికే అనెయ్యొచ్చు."

"రేప్పొద్దున్నే వేరే పార్టీ బయానా పట్టుకొస్తున్నారు. తర్వాత నన్నేం అనుకోకూడదు మరి."

రాజ్యం ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది. "మీకేమనిపిస్తుంది బాబాయిగారూ? అదొక్కటి చెప్పండి."

"అనిపించింది చెప్పకూడదమ్మా. నా అనుమానం మీద మీ ఇల్లు పోకూడదు, నా మొహమాటం మీద మీ సొమ్మూ పోకూడదు. పైగా ఇది కూడా ఎవరో మేస్త్రి కట్టిన ఇల్లే. చూడకుండా పేరు పెడితే తప్పు. నీళ్ళు నిలబెడదాం, అవే చెప్తాయి. ఒక్క పూట ఆగండి."

ఆమె ఫోను సంచిలో పెట్టేసుకుంది. "పార్టీ వస్తే రానివ్వండి," అంది శివనాగరాజుతో.

మెట్లు ఎక్కడం మేస్త్రికి కష్టమైంది. మెట్టుకో సారి ఆగి, గోడ పట్టుకుని, మంచి కాలు ముందు వేసి రెండోదాన్ని లాక్కున్నాడు. పైన పిట్టగోడ వెంబడి ఒంగి తిరిగాడు. వాన నీళ్ళు పోవడానికి ఒకటే గొట్టం ఉంది. భుజం మీది తువ్వాలు తీసి, తడిపి, తాడులా మెలిపెట్టి గొట్టం నోట్లో దూర్చాడు. మడమతో తన్ని బిగించాడు. మళ్ళీ కూర్చుని చేత్తో చుట్టూ సర్దాడు, మళ్ళీ తన్నాడు. అది బిగిసిందని నమ్మకం కుదిరాకే బోరు మోటారు వెయ్యమన్నాడు.

"కరెంటు బిల్లు ఓనరుగారు నా నెత్తిన వేస్తారు," అని గొణుక్కుంటూ శివనాగరాజు కిందకి దిగి స్విచ్చి వేశాడు. రబ్బరు పైపులోంచి నీళ్ళు డాబా మీదకు పరుచుకున్నాయి. మడమలు మునిగేదాకా మేస్త్రి వాటిలోనే నిలబడ్డాడు. తర్వాత పంచె పైకి పట్టుకుని వచ్చేశాడు.

"రేపు ఎండెక్కకముందే వచ్చి వంటింట్లో పైకి చూడాలమ్మా. నేనూ వస్తాను."

సాయంత్రం ఇంటికి చేరేసరికి సుందరమ్మ వాకిట్లో కొబ్బరాకు చీల్చి ఈనెలు తీస్తోంది. మొగుడి భుజం వంక చూసింది.

"తువ్వాలేదీ?"

"పనిలో ఉంది."

"మీకు రెస్టుంది గాని దానికి లేదన్నమాట," అంటూ ఆమె టీ పెట్టడానికి లేచింది.

మేస్త్రి అరుగు మీద గోడకి జారగిలబడ్డాడు. ఒళ్ళంతా ఏదో బరువుగా ఉంది. మెట్లెక్కినందుకే అనుకున్నాడు. కళ్ళు మూస్తే ఆ డాబా కనిపించింది. చివరి ఎండ పడి నీళ్ళు ఎర్రగా ఉంటాయి. గాలికి కాస్త కదులుతాయి. పైన చూస్తే అంతే. అడుగున మాత్రం అవి వెతుక్కుంటూ ఉంటాయి, సన్నటి దారి ఏదైనా ఉందేమోనని. పాపం ఆ మేస్త్రి ఎవరో, స్లాబు పోసిన రోజున కూలీలు తక్కువయ్యారేమో, మధ్యలో వాన పడిందేమో. కారకపోతే బాగుండును. ఆవిడ పొయ్యి అక్కడ పెట్టుకుంటే బాగుండును.

సుందరమ్మ టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. ఈనెలు కట్ట కట్టడం అయ్యాక చూస్తే టీ మీద మీగడ కట్టింది. "చల్లారిపోతంది, తాగండి," అంది. ఇంకోసారి అంది. తర్వాత వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

తెల్లారి రాజ్యం మేస్త్రికి ఫోను చేస్తే ఆయన పక్కింటివాళ్ళు ఎత్తి సంగతి చెప్పారు. మధ్యాహ్నం సమాధి చేస్తారన్నారు. ఆమె మంచం మీద కూర్చుండిపోయింది. ఎండెక్కకముందే చూడాలన్నాడు ఆయన. లేచి మొహం కడుక్కుని, ముందు ఆ ఇంటికే వెళ్ళింది.

శివనాగరాజు తాళం తీశాడు. విషయం అతనికీ తెలిసింది. "మంచి మనిషండి. అలాంటోళ్ళు ఉండరు," అన్నాడు. నిజంగానే అన్నాడు. ఒక్క నిమిషం ఆగి, "పోయినాయన ఆయ్ అన్నారు కదండీ, ఆ మాట మీదే కానిచ్చేద్దాం," అన్నాడు.

రాజ్యం వంటింట్లోకి వెళ్ళి తలెత్తింది. కొత్త సున్నం మీద విస్తరాకంత మచ్చ. మధ్యలో ఒక చుక్క ఊరి, వేలాడి, వంటగట్టు మీద పడింది. దాని పక్కనే ఇంకొకటి ఊరుతోంది. గట్టు కింద నేలంతా రాత్రి కారిన నీళ్ళే. ఆమె చీర చెంగు దోపుకుని గట్టు ఎక్కింది. చెయ్యి తిరగేసి, అందినంత పైకి గోడకి ఆనించింది. చల్లగా తగిలింది.

"అదేముందండీ, పైన తారు పూయిస్తే పోద్ది," అన్నాడు శివనాగరాజు కింద నుంచి.

"నేను కొననండి."

ఆమె గట్టు దిగి, చెయ్యి తుడుచుకోకుండానే మెట్లెక్కింది. వంటింటి మీద నీళ్ళు లేవు. నల్లగా తడిసిన స్లాబు బయటపడింది. మిగిలిన కాసిని నీళ్ళు గొట్టం దగ్గర పల్లంలో నిలిచాయి. పిట్టగోడ మీంచి వంగి చూసింది. గొట్టం కింద మట్టి ఎండిపోయి ఉంది. ఒక్క చుక్క కూడా అటు పోలేదు.

తువ్వాలు తీసుకెళ్ళి సుందరమ్మకిద్దామని వంగింది. పట్టుకుని లాగింది, రాలేదు. మళ్ళీ లాగబోయి ఊరుకుంది. వీధిలో కారు ఆగిన చప్పుడు, ఎవరినో రండి రండి అంటున్న శివనాగరాజు గొంతూ వినిపించాయి. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని కిందకి దిగింది.

గొట్టం నోట్లో ఎర్రగళ్ళ తువ్వాలు, మేస్త్రి మడమ గుర్తు సొట్టతో, బిగించింది బిగించినట్టే ఉంది.