మెట్లు దిగిన ఇల్లు

తెల్లవారుజాము ఐదు. కీలుంగ్ రేవు మీద వాన, సన్నగా, ఎడతెరిపి లేకుండా.

జిన్‌యే బజారు సందులో తన సూపు బండి మీద పొయ్యి ముట్టించింది. చేప ముద్దను పిడికిట్లోంచి ఉండలుగా నొక్కి వేడినీళ్లలోకి వదులుతోంది. పక్కన అత్తగారు కొత్తిమీర తరుగుతోంది. పెళ్లయినప్పటి నుంచి ఈ బండే ఇంటిల్లిపాదికీ తిండి పెడుతోంది. ఆ సంగతి బ్యాంకువాళ్ల కంటికి ఆనడం లేదు.

కొండ మెట్ల మీద కో తాత ఇల్లు కొనడానికి జిన్‌యే బయానా ఇచ్చింది. మిగతాది బ్యాంకు ఇవ్వాలి. అదీ దెయ్యాల నెల మొదలయ్యేలోగా. ఆ నెలలో ఎవరూ ఇల్లు కొనరు, అమ్మరు, మారరు. ఈలోపు అప్పు రాకపోతే బయానా పోయినట్టే. ఇల్లూ పోయినట్టే.

మొదటి బ్యాంకులో కళ్లజోడు అమ్మాయి అడిగింది. "జీతం చీటీ ఉందా మేడమ్?"

"బండి నాదేనమ్మా. నాకు జీతం ఎవరిస్తారు?"

"పోనీ పాసుపుస్తకం?"

పాసుపుస్తకంలో ఏముంటుంది. వచ్చిన నోట్లు వచ్చినట్టే చేపలకీ, అద్దెకీ పోతాయి. మిగిలింది బజారు ఆడవాళ్లు కట్టుకునే చీటీలోకి. ఆ బజారులో ఎవరిని అడిగినా అంతే.

కుదరదన్నారు.

ఆ సాయంత్రం కో తాత ఇల్లు మెట్లదారిలో ఒక మలుపు కిందికి దిగింది.

మర్నాడు ముసలాయన గొడుగేసుకుని బండి దగ్గరికొచ్చాడు. "అమ్మాయ్, ఇల్లు దిగింది. నేనేమో సబ్బు రాసుకుని ఉన్నాను. కాస్త చెప్పి దిగొచ్చుగా."

"నన్నంటారేం తాతా? దాన్నే అడగండి."

"అడిగాను. తలుపు కిర్రుమంది, అంతే." సూపు జుర్రుకుని గిన్నె కింద పెట్టాడు. "ఉండలు ఇవాళ గట్టిగా వచ్చాయి."

పోస్టుమాన్ కూడా సణిగాడు, పైదాకా ఎక్కి మళ్లీ దిగాల్సి వచ్చిందని. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు.

రెండో బ్యాంకుకు వెళ్లేముందు భర్త మింగ్‌తె సలహా చెప్పాడు. "పుస్తకంలో డబ్బు కనపడాలి. అంతేగా?" జిన్‌యే చీటీ పాడుకుని, వచ్చిందంతా ఒక్కరోజే బ్యాంకులో వేసింది.

"ఇంత డబ్బు ఒక్కసారే ఎక్కడిది?" అన్నాడు అక్కడి పెద్దాయన.

"చీటీ పాడానండీ."

"అంటే అదీ అప్పేగా."

జిన్‌యే చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది. "లేనప్పుడు లేదన్నారు. ఉంటే ఎక్కడిదంటున్నారు. ఎలా ఉంటే మీకు నచ్చుతుందో చెప్పండి, అలాగే ఉంటాను."

ఆయన మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపాడు. కుదరదన్నట్టే.

ఇంటికొచ్చాక మింగ్‌తె తల గోక్కున్నాడు. "సలహా మంచిదే. వాళ్లకే అర్థం కాలేదు."

"నీ సలహాలూ చేప ఉండలే. వేయగానే పైకి తేలతాయి," అంది జిన్‌యే.

ఇల్లు ఈసారి ఇంకాస్త ఎక్కువే దిగింది.

మూడో బ్యాంకు ఆఫీసరు పేరు షూ. పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. "మీ సంపాదన చూసి ఇవ్వలేం మేడమ్. ఇంటి విలువ చూసి ఇవ్వొచ్చు. కానీ అక్కడికి కారు వెళ్లదు. మెట్ల మీది ఇళ్లకి విలువ రాదు."

"మాకు కారే లేదండీ."

"రూలు మేడమ్."

వచ్చేటప్పుడు జిన్‌యే ఆ ఇంటి ముందు తడిమెట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా లేదు. "ఇక నావల్ల కాదు," అని లేచి వెళ్లిపోయింది.

పొద్దున బండి తీసేసరికి ఇల్లు బజారు సందు చివర, రోడ్డు పక్కనే ఉంది. గొడుగుల కొట్టుకీ లాటరీ కొట్టుకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. గొడుగులాయన తన స్టాండు కాస్త పక్కకి జరుపుకున్నాడు. కో తాత కిటికీలోంచి తల బయటపెట్టి, "నీళ్ల గొట్టం ఎవరు కలుపుతారయ్యా?" అని అడుగుతున్నాడు.

జిన్‌యే షూకి ఫోన్ చేసింది. అతను టేపు పట్టుకుని వచ్చాడు.

"ఫైల్లో మెట్ల మీద అని ఉందే."

"దిగిందండీ."

షూ పాతది కొట్టేసి 'దిగింది' అని రాసుకున్నాడు. రోడ్డు వెడల్పు కొలిచాడు. "అగ్రిమెంటులో ధర పాతదేనా?"

"పాతదే."

"అయితే మీరడిగేది ఇంటి విలువలో సగం కూడా కాదు. ఇవ్వొచ్చు."

"మరి నా సంపాదన?"

"అది నాకు ఇంకా కనపడటం లేదు మేడమ్," అన్నాడు షూ, బల్ల మీద ఆమె పెట్టిన సూపు తాగుతూ. "ఇంకో నాలుగు ఉండలు వేస్తారా?"

ఇల్లు దిగిన మాట ఊరంతా తిరిగి తైచుంగ్‌లో ఉన్న కో తాత కొడుక్కి చేరింది. అతను బండి దగ్గరున్న తండ్రికి ఫోన్ చేశాడు. అందరికీ వినపడేలా అరుస్తున్నాడు. రోడ్డు మీది ఇల్లు నాన్నా, రెట్టింపు పలుకుతుంది, ఆవిడ బయానా మొహాన కొట్టి అగ్రిమెంటు చింపెయ్.

గిన్నె మీద జిన్‌యే చెయ్యి అలాగే ఆగిపోయింది. అత్తగారు కత్తి కింద పెట్టింది.

"ఒరేయ్," అన్నాడు కో తాత, "నేనమ్మింది పైనున్న ఇల్లు, పైనున్న ధరకి. ఇన్నేళ్లు మోకాళ్లు పట్టుకుని ఎక్కాను. నాకోసం ఒక్క మెట్టు దిగిందా? ఈ పిల్ల కోసం దిగింది. మధ్యలో నీ గోలేంటి?"

దెయ్యాల నెలకి ముందురోజు సంతకాలయ్యాయి. ఆ రోజే సామాను చేరవేసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం నుంచి వాన కుండపోత. చీకటి పడే వేళకి కొండ ఉరిమినట్టు చప్పుడైంది. లాటరీ కొట్టు రేడియోలో చెప్పారు. మెట్లదారి పైభాగంలో మట్టి విరిగిపడింది. ఇల్లు ఖాళీ చేసిపోయిన జాగా ఆ మట్టి అడుగున ఎక్కడో ఉంది.

జిన్‌యే చేతులు తడి ఏప్రన్‌లో చుట్టుకుని గుమ్మంలో నిలబడింది. అత్తగారు లోపల మంచం మీద ఉంది. కూతురు యా-చీ ట్యూషన్ నుంచి వచ్చి తడిసిన మేజోళ్లు విప్పుతోంది. "అమ్మా, ఏంటలా చూస్తున్నావ్?" ఫోన్ మోగింది. కో తాత. కొడుకింటికి చేరాడట. అక్కడ లిఫ్టు ఉందట.

మింగ్‌తె రాలేదు. స్కూటర్ మీద కొండ అవతల హోటళ్లకి ఉండలు వేసి రావాలి.

జిన్‌యే రోడ్డు చూస్తూనే ఉంది. ఎవరెవరివో స్కూటర్లు వెళ్లాయి. తర్వాత ఒకటి ఆగింది.

"దారి మూసేశారు. చుట్టూ తిరిగొచ్చాను," అన్నాడు మింగ్‌తె, వానకోటు దులుపుకుంటూ. "అన్నం ఉందా?"

ఆమె ఏప్రన్‌లోంచి చెయ్యి తీసి వేళ్లు మడిచింది. అత్తయ్య, యా-చీ, తైచుంగ్‌లో తాత, గుమ్మంలో ఇతను. అయ్యాక మళ్లీ అత్తయ్య నుంచి మొదలుపెట్టి లెక్కపెట్టుకుంది.