చలంటే భయంలేని మనిషి

వేడి అన్నాన్ని ఉప్పు చేతులతో ముద్దలు చేసి, మధ్యలో ఊరబెట్టిన పుల్లటి పండు కూరుతూ, చిజూకో వంటింటి కిటికీలోంచి కొండ వైపు చూసింది. రాత్రంతా కురిసిన మంచు ఆగింది. ఆకాశం తేటగా ఉంది. ఇలాంటి రోజునే, చలికాలంలో మంచులా తెల్లబడే రైచో పక్షులు కొండ మీంచి చెట్లున్న చోటికి దిగి వస్తాయి. వాటి కోసమే ఈ కొండ మీది సత్రానికి జనం టోక్యో నుంచి వస్తారు. చిజూకో భర్త షిగెహారు వాళ్లకి దారి చూపిస్తాడు.

"మీరూ వస్తున్నారా?" గుమ్మంలో నిలబడి అడిగింది మొరిత అనే అతిథి.

చిజూకో నోరు తెరిచేలోపే షిగెహారు నవ్వాడు. "మా ఆవిడా? చలంటే భయమండీ. పొయ్యి దగ్గర్నుంచి కదలదు."

ఆ మాట ఆమె ఏనాడూ అనలేదు. సముద్రపు ఒడ్డు నుంచి కోడలిగా వచ్చిన మొదటి చలికాలంలో ఒకసారి వణికింది, అంతే. ఆయన భోజనాల దగ్గర చెప్పి నవ్వాడు, అత్తగారు తలూపింది, అది ఇంటి మాటయిపోయింది. ఆ భయస్థురాలే ప్రతి చలికాలం తెల్లారకముందే లేచి వాకిట్లో నడుంలోతు మంచు ఎత్తిపోసింది. ఇంటి కప్పెక్కి మంచు దించింది. గడ్డకట్టిన పైపుల మీద వేణ్ణీళ్లు పోసింది, అతిథుల దుప్పట్లు ఉతికి వేళ్లు పగిలితే నూనె రాసుకుంది. ఆయన కొండెక్కితే ధైర్యం, ఆమె కప్పెక్కితే ఇంటిపని. ఇన్నేళ్లూ ఆ మాటకి తనెందుకు నవ్వి ఊరుకుందో ఈ పొద్దున ఆమెకి అర్థం కాలేదు.

చేతులు కడుక్కుని ఏప్రన్ విప్పింది.

"నాకు చలంటే భయం లేదు. కాసేపు ఆగండి మొరితగారూ, వస్తున్నా."

షిగెహారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇప్పుడేంటిది? సాయంత్రం స్నానాలకి నీళ్లెవరు కాస్తారు?"

"ముందు తిరిగొచ్చినవాళ్లు."

"అమ్మ ఒక్కతే ఉంటుంది."

"నేనేమన్నా పసిపిల్లనా?" దుప్పటి కప్పుకుని కూర్చున్న అత్తగారు అంది. తన మఫ్లర్ తీసి కోడలి చేతికిచ్చింది. "మెడ కప్పుకో. గాలి అక్కడే పట్టేస్తుంది."

కేబుల్ కారు దిగి నడిచాక, మంచులో సగం మునిగిన చెట్ల దగ్గర, షిగెహారు చెయ్యెత్తాడు. మగ రైచో. ఒళ్లంతా తెలుపు, కంటి ముందు నల్ల గీత. కెమెరాలన్నీ అటు తిరిగాయి. చిజూకో దాని పక్క మంచునే చూస్తూ ఉండిపోయింది. ఆ మంచు మెల్లగా కదిలింది. గీతలేని ఆడపక్షి మెడ చాచి మొగ్గలు తుంచుకుంటోంది.

"అక్కడ ఇంకొకటుంది," అంది. షిగెహారు కళ్లు చిట్లించి చాలాసేపు వెతికాడు.

అందరూ దిగిపోయినా ఆమె, మొరిత ఆ ఆడపక్షి ఎగిరిపోయేదాకా అక్కడే ఉన్నారు. ఇల్లు చేరేసరికి స్నానాల గది పొగగొట్టంలోంచి పొగ వస్తోంది.

"ఎలా ఉంది?" అత్తగారు అడిగింది.

"మీరు చూడలేదా అత్తయ్యా?"

"ఈ ఇంటికొచ్చిన వాళ్లంతా చూశారు. నేను వాళ్లకి వండిపెట్టాను."

చిజూకో పెరట్లోకి వెళ్లింది. షిగెహారు మసి చేతులతో పొయ్యిలోకి కట్టెలు తోస్తున్నాడు.

"రేపు అత్తయ్యని తీసుకెళ్తున్నా," అంది. "కేబుల్ కారు దిగాక మంచుబండి మీద. దారి నేను చూపిస్తాను. బండి లాగడానికి మీరొస్తానంటే రండి."