గ్లాసెడు వేడినీళ్ళు

ఆఫీసులో ఆవిడను అందరూ మంచు మేడం అంటారు. ఎదురుగా కాదు లెండి, వెనక. ఎదురుగా అనే ధైర్యం ఎవడికుంది? ఇరవై తొమ్మిదేళ్ళుగా ఒకే ఒక్క కొండ మీద పడే మంచును లెక్కగడుతున్న మనిషి. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా నోరు జారి అడిగితే, "కొండ ఒప్పుకోలేదు" అని ఊరుకునేది.

ఆవిడకు పేరు తెచ్చింది ఒకే ఒక్క వ్యాసం. పదహారేళ్ళ కిందట ఆ కొండ మీద మంచు ఉన్నట్టుండి అయిదో వంతు తగ్గిందనీ, మళ్ళీ పెరగలేదనీ అంకెలతో సహా రుజువు చేసింది. ఆ వ్యాసాన్నే ఆధారంగా చూపి, కొండ కింది ఊరివాళ్ళు వాలు మీద ఇళ్ళకు అనుమతి ఇచ్చారు. మంచు చరియలు విరిగిపడతాయన్న భయంతో అంతవరకూ అక్కడ ఎవరూ ఒక్క గోడ లేపలేదు. ఇప్పుడు రెండు వరసల్లో ఇరవై రెండు ఇళ్ళు. మొదటి వరసలో మూడోది సాక్షాత్తూ ఆవిడ తమ్ముడిది. వాడు బస్సు డ్రైవరు. "ఇది మా అక్క చెప్పిన నేల" అని కనిపించిన వాళ్ళకల్లా చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఈ మంచు కొలతల వ్యవహారంలో ఒక తమాషా ఉంది. యంత్రాలు బాగుచేయడానికి శాస్త్రవేత్తలు పైకి వెళ్ళేది వేసవిలో. మంచు పడేదేమో చలికాలంలో. అప్పుడు దారి మూసుకుపోతుంది, కాపలా మనిషి ఒక్కరే పైన ఉంటారు. అంటే మంచు మేడం తన ఉద్యోగం మొత్తంలో మంచు కొలుస్తుండగా కళ్ళారా చూసింది మొదటి రెండేళ్ళే. మిగతాదంతా నెలనెలా కిందికొచ్చే కాగితాల్లో చూసింది.

ఈ ఏడు మాత్రం గాలివేగం కొలిచే యంత్రం నడి చలికాలంలో మొరాయించింది. వద్దంటున్నా వినకుండా మంచు బండెక్కి పైకి వెళ్ళింది. పైనున్న గదికి కిటికీల దాకా మంచు పేరుకుని ఉంది. కాపలా చూసే పిన్నిగారు డెబ్బై ఏళ్ళ మనిషి. భర్త చేసిన పనినే, ఆయన పోయాక తను చేస్తోంది. పొద్దున్నే ఎనిమిది కొట్టగానే బయటి నుంచి డబ్బా పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. డబ్బాలో పడిన మంచును కరిగించి, నీళ్ళుగా కొలవాలి. త్వరగా కరగడానికి ఒక కొలతగ్లాసు వేడినీళ్ళు పోస్తారు. అంటే డబ్బాలో సరిగ్గా రెండు మిల్లీమీటర్ల ఎత్తు. చివర్లో మొత్తం కొలిచి, పోసిన ఆ రెండూ తీసెయ్యాలి.

పిన్నిగారు పోసింది. కరిగించింది. కొలిచింది. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టి కాగితం మీద పదకొండు అని రాసింది.

"పదమూడు కదా పిన్నిగారూ ఉంది?"

"రెండు తీసేశానమ్మా. అవి నేను పోసిన నీళ్ళు. ఆకాశం పోసినవి కాదుగా."

"ఎప్పట్నుంచి తీసేస్తున్నారు?"

"మొదట్నుంచీ! మా ఆయనంటే బద్ధకం మనిషి, మొత్తం రాసి పారేసేవాడు. నేనలా కాదు. పదహారేళ్ళలో ఒక్క రోజు మర్చిపోలా," అంది పిన్నిగారు, కాస్త గర్వంగానే.

మంచు మేడం కుర్చీలో కూర్చుంది. ఆ ముసలాయనకు లెక్కలు రావని, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడే ఆయనతో అంది: "మీరు మొత్తం రాసి పంపండి బాబాయిగారూ, తీసివేత కింద నేను చూసుకుంటా." అప్పట్నుంచీ తీసివేత ఆఫీసులోనే జరుగుతోంది. ఆయన పోయినప్పుడు మేడం పలకరించడానికి పైకొచ్చి, "పని తెలుసుగా పిన్నిగారూ?" అని అడిగింది. "తెలుసమ్మా, రోజూ చూసేదేగా" అంది పిన్నిగారు. అంతే. ఇద్దరూ కళ్ళు తుడుచుకుని, టీ తాగి, ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. పోసిన నీళ్ళను పైన పిన్నిగారు ఒకసారి తీసేసింది, కింద ఆవిడ రెండోసారి తీసేసింది.

ఏడాదికి తొంభై మంచు రోజులు. రోజుకు రెండు. నూట ఎనభై. కొండ మీద ఏడాదికి పడేది తొమ్మిది వందలు. అందులో నూట ఎనభై అంటే అయిదో వంతు. నోటితో చెయ్యగల లెక్క. మంచు తగ్గలేదు, ఒక్క చినుకంత కూడా.

అప్పుడు ఆవిడకు ఏడుపు రావాలి, లేదా ఒళ్ళు మండాలి. కనీసం కళ్ళయినా తిరగాలి. ఏమీ లేదు. పంటి డాక్టరు సూది వేశాక చెంప ఎలా ఉంటుందో లోపలంతా అలా ఉంది. "కాగితం చాలా నీటుగా రాస్తారు పిన్నిగారూ" అంది. యంత్రం బాగుచేసుకుని కిందికి దిగింది.

విషయం విన్న ఆఫీసు పెద్దసారు తలుపు వేసి మరీ మాట్లాడాడు. "నాలుగు నెలల్లో రిటైరవుతున్నావు. ఇప్పుడెందుకమ్మా ఈ తలనొప్పి? వచ్చే ఏడాది కొలిచే యంత్రం ఎలాగూ పెడతాం, అంకెలు వాటంతటవే సర్దుకుంటాయి." ఆవిడ విని తలూపి, తన గదికెళ్ళి రెండు ఉత్తరాలు టైపు చేసింది. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు ఒకటి. ఇళ్ళు ఖాళీ చేయించమని ఊరి ఆఫీసుకు ఇంకొకటి. రెండోదాన్ని స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చింది. గుమాస్తా చదివి, ముద్ర వేసి, "కమిటీ ముందు పెడతాం మేడం. కమిటీ మళ్ళీ వేసవిలో కూర్చుంటుంది" అన్నాడు.

వేసవి దాకా ఆగమని కొండతో చెప్పేదెవరు? ఆవిడ అట్నుంచి అటే తమ్ముడింటికి వెళ్ళింది.

మధ్యాహ్నం పూట. తమ్ముడు డ్యూటీ దిగి సోఫాలో కాళ్ళు బారజాపుకుని ఉన్నాడు. మరదలు బట్టలు మడతపెడుతోంది. పాప ఇంకా బడిలోనే ఉంది. ఆవిడ నిలబడే మొత్తం చెప్పింది. గ్లాసూ, పిన్నిగారూ, రెండు తీసివేతలూ, అన్నీ.

వాడు పకపకా నవ్వాడు. "అక్కా, నీకు రిటైర్మెంటు బెంగ పట్టుకుంది. నీ వ్యాసం నాకు కంఠతా వచ్చు. ఈ వీధిలో భయపడ్డ వాళ్ళందరికీ అప్పజెప్పింది నేనే. 'తగ్గుదల తాత్కాలికం కాదు.' నువ్వు రాసిందేగా?"

"నేను రాసిందే. తప్పు."

"గ్లాసుడు నీళ్ళకి ఇల్లొదిలి పొమ్మంటావా? పక్కవాళ్ళు మొహాన ఉమ్మేస్తారు. ముందు కూర్చో, టీ తాగు."

ఆవిడ కోటు విప్పి కుర్చీకి తగిలించింది.

"సరే. మంచు కరిగేదాకా నేనూ ఇక్కడే ఉంటాను. పాప గదిలో పడుకుంటా."

"నువ్వెందుకు?"

"నువ్వు కదలవు. ఆఫీసులో కూర్చుని ఫోన్ మోగుతుందేమోనని ఎదురుచూడటం నా వల్ల కాదురా. పోతే అందరం ఒకేసారి పోదాం."

రేడియోలో వాతావరణం చదివే గొంతుతో చెప్పింది ఆ మాట. తమ్ముడు నవ్వు ఆపేశాడు. అక్క ఏడవడం చూశాడు, తిట్టడం చూశాడు, అలగడం చూశాడు. ఈ మొహం ఎప్పుడూ చూడలేదు. వాడికి భయం వేసింది. వాడు నోరు తెరిచేలోపే మరదలు లేచింది.

"వదినా, మీరు కోటు వేసుకోండి. నేను సూట్‌కేసు సర్దుతాను. పాపను బడి దగ్గరే ఎక్కించుకుని పోదాం."

తమ్ముడు సోఫాలోంచి లేచాడు. "మరి మిగతావాళ్ళు?" అన్నాడు.

"నేను చెబుతాను."

"నమ్మరక్కా. ఆరేళ్ళుగా వాళ్ళ నోళ్ళు మూయించింది నేనే."

అయినా ఆవిడ కోటు వేసుకుని వెళ్ళింది. వాడూ చెప్పుల కోసం కూడా వెతుక్కోకుండా వెనకాలే వచ్చాడు. పక్కింటి తలుపు కొట్టారు. ఒక పెద్దావిడ తీసింది, ముఖం చాటంత చేసుకుంది.

"రండి మేడం, రండి! అదృష్టం! ఏమే అమ్మాయ్, ఎవరొచ్చారో చూడు. ఈవిడ పుణ్యమా అనే మనం ఈ ఇంట్లో హాయిగా ఉన్నది!" అంటూ మేడం రెండు చేతులూ పట్టుకుని లోపలికి లాగింది.

మంచు మేడంకు అప్పుడొచ్చింది ఏడుపు. ఆ గుమ్మంలోనే, ఆ చేతులు వదిలించుకోలేక, వెక్కి వెక్కి ఏడ్చింది. పెద్దావిడ కంగారుపడి తమ్ముడి వైపు చూసింది. వాడే గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టాడు.