పికప్ బండికి పికప్

ఇంజన్ ట్యూనింగ్ వల్ల లాభమా, నష్టమా అని మా అన్నయ్యనడిగితే గంటసేపు ఉపన్యాసం దంచుతాడు. నన్నడగండి, ఒక్క ముక్కలో చెబుతాను. ముందు బండి మీద ఏముందో చూసుకో నాయనా!

నేను అద్దాలు మోస్తాను. దుకాణం నుంచి కొత్త ఇళ్లకు, మనిషంత ఎత్తు కిటికీ అద్దాలు. పికప్ వెనక చెక్క చట్రానికి ఆనించి, మధ్యలో దుప్పట్లు కుక్కి, తాళ్లతో బిగించి తీసుకెళ్తాను. పగలకుండా చేర్చడమే నా పని. బండి మాత్రం అన్నయ్యకూ నాకూ ఉమ్మడిది. నేను నడిపే తీరు ఆయనకు గిట్టదు.

"పికప్ బండికి పికప్ లేకపోతే ఎలాగే? సైకిళ్లు కూడా నిన్ను దాటిపోతున్నాయి. పరువు పోతోంది."

"పోతే పోనీ. పరువుకు దుప్పట్లు చుట్టే పని తప్పుతుంది."

నేను జ్వరంతో పడుకున్నప్పుడు చూసి బండిని ట్యూనింగ్ మెకానిక్ దగ్గరకు తోలుకెళ్లాడు. ఇంజన్ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ మార్పించాడు. నాతో మాట మాత్రం అనలేదు. జ్వరం తగ్గాక అద్దాలు ఎక్కించుకుని, అలవాటు కొద్దీ యాక్సిలరేటర్ మీద కాలు ఆనించానో లేదో, బండి ముందుకు దూకింది. వెనక ఫెళ్లుమంది. ఇన్నేళ్లలో నా చేతిలో అద్దం పగలడం అదే మొదలు. దుకాణం ముందు అందరూ చూస్తుండగా ఏడుపొచ్చింది. అంతకు ముందే ఒళ్లు మండింది.

కబురు తెలిసి అన్నయ్య మెకానిక్‌ను వెంటేసుకుని వచ్చాడు.

"బండికి బలం పెరిగింది. అదుపు చేయడం నీకు చేతకాలేదు. తాళాలివ్వు, వేరే డ్రైవర్‌ని పెడతా."

"సరే. ముందు నువ్వు వెనక ఎక్కు."

"నేనెందుకు?"

"అద్దం నిలబడే చోట నువ్వు నిలబడు. ఈయన తోలతాడు. నాకు చేతకాదుగా!"

పదిమంది చూస్తుంటే మా అన్నయ్య వెనక్కి తగ్గుతాడా? గాజు ముక్కలన్నీ ఊడ్చి ఆయన్ని ఎక్కించాను. మెకానిక్ పాపం తనకు తెలిసినంత నెమ్మదిగానే కదిలించాడు. అన్నయ్య చట్రం పట్టుకుని కూడా మోకాళ్ల మీద కూలబడ్డాడు. మలుపు దగ్గర ఆగి మళ్లీ కదిలేసరికి, "ఆపవయ్యా బాబూ!" అని వీధి దద్దరిల్లేలా అరిచాడు.

మెకానిక్ దిగి ఉన్నమాట చెప్పాడు. "గుట్టలెక్కి కంకర మోసేవాళ్లకైతే ఇది బాగుంటుందక్కా. అద్దాలకని ఈయన చెప్పలేదు."

"నువ్వు అడగలేదేం?"

తల గోక్కున్నాడు. పాత ప్రోగ్రామ్ దాచే ఉంచాడట, మళ్లీ ఎక్కిస్తానన్నాడు. తాళాలు నా చేతికే ఇచ్చాడు.

అన్నయ్య మోకాళ్లు దులుపుకుంటూ చెయ్యి చాపాడు. "సరే, పాతదే పెట్టిద్దాం. తాళాలు మాత్రం ఇటివ్వు. ఎంతైనా బండికి మగమనిషి ఉండాలి."

ఓహో, అదా సంగతి! ఇన్నాళ్లూ ఇంజన్ మీద పెట్టి సాధించింది ఇందుకా?

"బండిలో సగం నీది, కాదనను. ఏ సగం కావాలో చెప్పు, విప్పి ఇంటికి పంపిస్తా. స్టీరింగ్ ఉన్న సగం మాత్రం నాది."

మెకానిక్‌ను పక్క సీట్లో కూర్చోమని బండి స్టార్ట్ చేశాను. అన్నయ్య దారికి అడ్డంగా నిలబడే ఉన్నాడు. హారన్ మీద చెయ్యి పెట్టి, ఆయన తప్పుకునేదాకా తియ్యలేదు.