మామిడి సొన

మా ఆయన మునిచంద్ర పెళ్లిచూపుల్లో కాఫీ చల్లారేలోపు నన్ను ఒప్పుకున్నాడు. అదే మనిషికి కారుకు ఏ వాక్స్ పూయాలో తేల్చుకోవడానికి మాత్రం వేసవంతా చాలలేదు.

ఆయనది యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం. దేన్నయినా చదివితే గానీ నమ్మడు. అన్నం కలుపుకుంటూ కూడా ఫోనులో వాక్స్ వీడియోలే. సాంబారు చల్లారిపోతోంది చూసుకోండి అంటే, "గమ్మునుండుమే, తాటాకు మైనంతో చేసిన వాక్స్ మేలా, ఇంకోటి మేలా అని చెప్తాండాడు" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. ఎందుకంటే ఆ వాక్స్ సంగతి తేలితే గానీ నా చేతికి కారు తాళం రాదు.

నేను చిత్తూరులో ఒక గవర్నమెంటు ఆఫీసులో పనిచేస్తాను. ఇల్లు తిరుపతిలో. నాకు చిత్తూరుకు బదిలీ అయినప్పుడు, రోజూ బస్సుల్లో నలగడం ఎందుకని ఈ నీలం రంగు కారు కొన్నాం. డ్రైవింగ్ నేర్చుకున్నాను. లైసెన్సు తీసుకున్నాను. హైవే మీద లారీలను దాటేటప్పుడు ఊపిరి బిగబట్టడం కూడా మానేశాను. అంతలో మామిడికాయల కాలం వచ్చింది. మా ఆఫీసు ఆవరణలో నీడంటూ ఉన్నది ఒక్క మామిడి చెట్టు కిందే. కారు వెనక భాగం ఆ నీడలోకి వచ్చేట్టు నిలబెట్టాను. ఎవరో కాయలు కోసినట్టున్నారు, సాయంత్రం చూస్తే డిక్కీ మీద సొన చుక్కలు.

ఇంటికి రాగానే మా ఆయన కారు చుట్టూ తిరిగాడు. డిక్కీ చూశాడు, తర్వాత బానెట్ దగ్గర వంగి చూశాడు.

"ఇది కూడా మసకబారి ఉండాది. సొనంటే ఏమనుకున్నావు? చేతి మీద పడితేనే పొక్కుతాది."

"బానెట్ ఎండలోనే ఉండిందండీ. దాని మీద సొన యాడ పడతాది?"

వినలేదు. తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "మెరుపు మళ్లా రానీ, అప్పుడిస్తా" అన్నాడు. నాకు మళ్లీ బస్సే గతి. గుండ్లకు గంధం పూసుకున్న యాత్రికుల మధ్య కడ్డీ పట్టుకుని నిలబడితే, చంద్రగిరి దాటాక గానీ సీటు దొరికేది కాదు. ఇంట్లో కారు కవరు కప్పుకుని హాయిగా నిద్రపోయేది.

ఆ కారంటే ఆయనకు ప్రేమ లేదని నేననను. ప్రతి శుక్రవారం తలస్నానం చేసి, బానెట్‌కు రెండు పక్కలా గంధం, పసుపు కలిపి రాసి కుంకుమ పెడతాడు. శనివారం పొద్దున పాత తువ్వాలు తెచ్చి, ఎండిపోయిన ఆ బొట్టును పొడిగానే తుడిచేస్తాడు. నీళ్లు పోస్తే దేవుడి బొట్టు కారి కాలువలో కలుస్తుందని, ఎవరి కాళ్ల కిందో పడుతుందని ఆయన భయం. తువ్వాలును తీసుకెళ్లి తులసి కోటలో దులుపుతాడు. వాళ్ల నాయన ట్రాక్టరుకు అలాగే చేసేవాడట.

చివరికి ఒక శనివారం మధ్యాహ్నం రేణిగుంట రోడ్డులో కుప్పుస్వామి షాపుకు వెళ్లాం. సీటు కవర్లు, హారన్లు, అద్దానికి వేలాడదీసే చిన్న చిన్న దేవుళ్లు అమ్మే కొట్టు అది. లోపల ఇంకో ఇద్దరు ముగ్గురు టాక్సీ వాళ్లున్నారు.

"మంచి వాక్స్ కావాలప్పా. బానెట్ మసక పోవాల" అన్నాడు మా ఆయన.

"వాక్స్ మసకను తీసేది కాదు సార్" అన్నాడు కుప్పుస్వామి, అరల్లోంచి డబ్బాలు దించుతూ. "అది గొడుగు మాదిరి. పడే ఎండా వానా దాని మీద పడతాది, కింద రంగు సల్లగా ఉంటాది. మసకకు పాలిష్ పట్టల్ల. అది పైపొరను రవంత అరగదీసి నున్నగా చేస్తాది. ఇదో, ఈ కాంపౌండ్ ఇంకా మొరటు. ఊరికే రుద్దినారంటే పొరే పోతాది, మళ్లా రాదు. అది సరే, ఏమైనాది బండికి?"

"మా ఇంటావిడ మామిడి చెట్టు కింద నిలబెట్టినాది. సొన కాల్చేసినాది."

టాక్సీ వాళ్లు నా వైపు చూశారు. వాళ్లలో ఒకడు తల తిప్పుకుని నవ్వాడు. నాకు చెవులు వేడెక్కాయి. ఇంట్లో ఎన్నయినా అననీ, పడతాను, తిరిగి నాలుగంటాను. నలుగురిలో అట్లా అంటే ఏం చేయాలి?

"వెనక పడిన సొనకు ముందర ఎట్ల మసక వస్తాదో అది కూడా అడగండి" అన్నాను.

 మా ఆయన డబ్బాల వెనక రాసినవి మొదటి నుంచి చివరిదాకా చదివి, ఏదీ వదలడానికి మనసొప్పక కాంపౌండ్, పాలిష్, వాక్స్ మూడూ తీసుకున్నాడు. 

మర్నాడు ఆదివారం. పొద్దున్నే కారు కడిగి, ఎండ తగలకుండా పోర్టికోలోనే పని మొదలుపెట్టాం. నా పాపం నేనే కడుక్కుంటానని డిక్కీ నేను తీసుకున్నాను. ఆయన బానెట్ తీసుకున్నాడు. మెత్తటి గుడ్డకు రవంత పాలిష్ అద్ది సొన చుక్కల మీద గుండ్రంగా రుద్దాను. ఒక్కొక్కటే వదిలింది. చివరికి చూస్తే నా ముఖం నాకు కనిపించింది, ముక్కుపుడకతో సహా.

"వచ్చి సూడండి, మీ సొన ఎంత కాల్చిందో" అన్నాను.

"ఊ" అన్నాడే గానీ తలెత్తలేదు. చొక్కా తడిసిపోయేదాకా రుద్దుతున్నాడు. నీడలో బానెట్ కూడా బాగానే మెరిసింది. అసలు సంగతి వెలుతురులో చూద్దామని, కారును గేటు దాకా ముందుకు తీసి ఎండలో పెట్టాడు. దిగి ముందుకు వచ్చినవాడు వచ్చినట్టే నిలబడిపోయాడు.

నేనూ వెళ్లి చూశాను. బానెట్ అంతా అద్దంలా ఉంది, రెండు చోట్ల తప్ప. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. అక్కడ మాత్రం వెంట్రుకంత సన్నని గీతలు, సున్నా మీద సున్నా చుట్టినట్టు, ఎండకు తెల్లగా తేలి కనిపిస్తున్నాయి. మా ఆయన శుక్రవారం బొట్టు పెట్టేటప్పుడు ఎలా వంగుతాడో అలాగే వంగి, ఎడమవైపు దాని మీద అరచేయి ఆనించాడు. చెయ్యి సరిగ్గా ఆ మసక నడుమకు వచ్చింది.

లోపలికి వెళ్లి, ఆ పసుపు పట్టిన పాత తువ్వాలు తెచ్చాడు. ఒక మూల తీసుకుని వేళ్ల మధ్య నలిపాడు.

"గంధం ఎండిపోయి ఇసక మాదిరి గరగరమంటా ఉండాది" అన్నాడు. "దీనికి దుమ్ము కూడా తోడు. ఇన్నాళ్లూ దీంతోనే రుద్దినానే."

మెట్టు మీద కూర్చున్నాడు. నోరు మూసుకుని ఉండడం నాకు చేతకాని పని, మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. బస్సులో నిలబడ్డ రోజులన్నిటికీ సరిపడా మాటలు నా దగ్గర ఉన్నాయి. తీరా ఆయన ముఖం చూశాక ఒక్కటీ పైకి రాలేదు.

"దేవుడి మీద భక్తితో చేసినారు. తెలిసి చేసినారా ఏమన్నా?" అన్నాను.

"గీకింది తెలీక గీకినా. నలుగురిలో నిన్నన్నది తెలిసే కదా అన్నా" అన్నాడు, తువ్వాలు వైపే చూస్తూ.

నాకు ఏడుపొచ్చింది. కోపం పోయి కాదు, అది ఇంకా ఉంది. ఆయన నోటి నుంచి ఇట్లాంటి మాట వింటానని ఎన్నడూ అనుకోలేదు, అందుకు.

కాసేపటికి లేచి కాంపౌండ్ డబ్బా మూత తిప్పబోయాడు. చెయ్యి పట్టుకున్నాను.

"పొర పోతే మళ్లా రాదని ఆ షాపాయన చెప్పినాడు కదా. ఉండనీండి. వాక్స్ పూద్దాం."

"ఎండలో కనపడతాదే."

"కనపడనీండి. ఎవురు సూస్తారు, మనం తప్ప?"

కారును మళ్లీ నీడలోకి తీసి ఇద్దరం కలిసి వాక్స్ పూశాం. అది ఆరేదాకా మెట్ల మీద కూర్చుని నిమ్మకాయ నీళ్లు తాగాం. తర్వాత తుడిచాం. ఆ గీతలు కొంత అణిగాయి, పూర్తిగా పోలేదు. తాళం ఆయన జేబులోనే ఉంది. నేను అడగలేదు. ఈసారి అడిగి తీసుకోకూడదని పట్టుదల కలిగింది. ఆ వారమంతా బస్సులోనే వెళ్లాను.

శుక్రవారం ఆయన ఎప్పటిలాగే బొట్టు పెట్టాడు. శనివారం తడిగుడ్డతో మెల్లగా అద్ది తీసి, గుడ్డను బకెట్లో పిండి, ఆ పసుపు నీళ్లు తులసికి పోశాడు.

"కాంపౌండ్ డబ్బా మూతైనా తీయలేదు, వాపసిచ్చి వద్దాం పద" అన్నాడు. నేను చీర మార్చుకుని వచ్చేసరికి కారు తాళం నా చెప్పుల పక్కన స్టూలు మీద ఉంది. ఆయన బయట, కారుకు ఎడమవైపు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

రేణిగుంట రోడ్డు దాకా బాగానే నడిపాను. షాపు ముందు ఆపాను. నేను దిగలేదు. అద్దం దించి ఉంది. ఈసారి కూడా లోపల టాక్సీ వాళ్లున్నారు.

"సొన మసక పోయినాదా సార్?" అని అడిగాడు కుప్పుస్వామి.

"సొన కాదప్పా" అన్నాడు మా ఆయన. లైబ్రరీలో పనిచేసే మనిషి, గొంతు పెంచడం ఎరగడు. ఆ రోజు మాత్రం రోడ్డు మీదికి వినపడేట్టు అన్నాడు. "సొన ఊరికే వదిలిపోయినాది. నేనే బొట్టును పొడిగుడ్డతో తుడిచి తుడిచి గీతలు తెచ్చినా. ఆమె తప్పేం లేదు. ఆమె బాగానే నడుపుతాది."

నేను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదురుగా రోడ్డునే చూస్తూ కూర్చున్నాను. కళ్లు తుడుచుకుంటే వాళ్లకు కనపడుతుందని తుడుచుకోలేదు. ఆయన వచ్చి పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

"సోమవారం ఆఫీసులో యాడ నిలబెడతావు?" అన్నాడు.

"ఎండలోనే. ఇంగెక్కడ?"

"వద్దు" అన్నాడు. "ఆ మామిడి చెట్టు కిందనే పెట్టు. ఎండలో పెడితే సాయంత్రం ఎక్కేటప్పటికి సీటు కాలతా ఉంటాది నీకు."