ప్యాంట్ల మాస్టరు నంబరు

మూడో గుండీ కాజా సగంలో ఉండగా దారం అయిపోయింది. కాజాలామె బట్ట వెనక చిన్న ముడి వేసి, కొసను పళ్ళతో తెంపి, కొత్త పోగును మైనం ముద్ద మీద రెండుసార్లు లాగింది. మైనం పట్టిన దారం చిక్కు పడదు. కోటు చివికిపోయినా కాజా చెక్కు చెదరదు. సూదిని వెలుగుకు ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి, నాలుక కొస పంటి కింద పెట్టుకుని ఎక్కించబోయింది. తప్పింది. మళ్ళీ తప్పింది. ఈమధ్య ఒక పట్టాన ఎక్కడం లేదు.

షాపు కింద, కుట్టే గది పైన. నాలుగు మిషన్లు, కత్తిరింపు బల్ల, ఇస్త్రీ పెట్టె కింద నుంచి లేచే తడి బట్ట వాసన. కిటికీలోంచి పక్క మేడ గోడ తప్ప మరేమీ కనిపించదు. కాజాలు వేసే మిషన్లు వచ్చి చాలా కాలమైంది గానీ మంచి కోటుకు చేతి కాజా కావాలనేవాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళ పుణ్యమా అని ఆ కిటికీ పక్కన ఆమెకింకా ఒక స్టూలు ఉంది. చూపుడువేలి కొస కాయకాచి, గోరుతో గీరినా తెలియనంత మొద్దుబారింది. మెడ ఎడమకు ఒరిగి అలాగే ఉండిపోయింది. రోడ్డు మీద నడుస్తున్నా ఎక్కడో వినిపించే మాటకు చెవి ఒగ్గిన మనిషిలా కనిపిస్తుంది.

ఎదుటి స్టూలు ప్యాంట్ల మాస్టరుది. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు దాని మీద లైనింగు తానులు పేర్చి పెట్టారు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఇద్దరూ ఒకే దీపం కింద, మోకాళ్ళు తగలకుండా జాగ్రత్తపడుతూ పని చేశారు. మాట్లాడుకున్నదంతా పోగేసినా ఒక పూటకు చాలదు. కత్తెర ఇలా ఇవ్వండి. వాన వచ్చేలా ఉంది. అంతే. ఆమె తల్లి పోయాక మళ్ళీ పనిలోకి వచ్చిన రోజున మాత్రం, సూదులదిండు మీద ఆమె సూదులన్నిటికీ దారాలు ఎక్కించి, వరసగా గుచ్చి ఉన్నాయి. మాస్టరు తల వంచుకుని నడుం పట్టీ కుడుతున్నాడు. ఆ పూటంతా ఆమె ఒక్క సూదికైనా కన్ను చికిలించుకోవలసిన పని లేకపోయింది.

మధ్యాహ్నం అందరూ కింద కూర్చుని తింటారు. ఆమె డబ్బా పట్టుకుని వెనక మెట్ల మీదకు వెళుతుంది. అక్కడ గాలి ఆడదు, కానీ ఎవరూ రారు. ఆమెకు ఫోను పని ఉంటుంది.

ఆ ఫోను చెల్లెలిది. చెల్లెలు వేరే ఊళ్ళో ఉంటుంది. మొగుడూ పిల్లలూ, ఇంటినిండా చుట్టపక్కాలు. కొత్త ఫోను కొనుక్కుని పాతది అక్కకిచ్చింది. అన్నీ అందులోనే ఉన్నాయి, నీ సిమ్ము వేసుకుంటే చాలు అంది. నిజంగానే అన్నీ అందులో ఉన్నాయి. వారం తిరగకుండానే కాజాలామె ఫోనులో, తను చెయ్యని ఫోన్లు చేసినట్టు కనపడసాగాయి. ఎవరో టీచరుతో, ఎవరో వదినతో, పేరు కూడా వినని మనుషులతో. తను పడుకుని ఉన్న వేళ తన ఫోను లేచి ఎవరెవరితోనో మాట్లాడి వచ్చి మళ్ళీ దిండు పక్కన పడుకున్నట్టుంది. రెండు రాత్రులు దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. మూడో రోజున ఆ వదిన ఎవరో గుర్తుకొచ్చి, అవన్నీ చెల్లెలి ఫోన్లని తెలిసింది. ఇద్దరికీ అకౌంటు ఒకటే. అక్కడ చేసింది ఇక్కడ పడుతుంది. ఊపిరాడని పని, తీరిక లేదు, అందుకే చెయ్యలేకపోయానని చెల్లెలు చెప్పుకున్న రోజుల్లోనే ఆ వరస ఎక్కువ పొడుగ్గా ఉండేది. ఆమెకు కోపం రాలేదు. అది చిన్నప్పటి నుంచీ కబుర్ల పోగు, కాకపోతే ఆ కబుర్లు ఇటు రావు అనుకుంది.

ఆమెకు తట్టనిది, ఇక్కడిది అక్కడా పడుతుందని. ఒక ఆదివారం చెల్లెలే చెప్పింది.

"నీ ఫోన్లు నా దాంట్లో కనిపిస్తున్నాయక్కా. గ్యాసువాళ్ళు, షాపు, నేను. మళ్ళీ గ్యాసువాళ్ళు. అంతేనా అక్కా?"

ప్రేమగానే అంది. అందుకే అంత గుచ్చుకుంది. ఒంటరిగా బతకడం ఆమెకు అలవాటే. ఆ ఒంటరితనాన్ని ఇంకొకరు వేలితో పైకీ కిందికీ జరుపుకుంటూ చూడడం అలవాటు లేదు. మర్నాటి నుంచి ఆమె ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టింది. రైళ్ళ ఎంక్వైరీకి చేసి మిషను గొంతు చెప్పేదంతా విన్నది. కంటి ఆసుపత్రికి చేసి డాక్టరు ఎప్పుడుంటారని అడిగింది. ఎత్తినవాళ్ళు ఏం కావాలంటారు, అదొక బాధ. ఏమీ అడగని నంబరు కోసం పేర్లు కిందికి జరుపుతుంటే ప్యాంట్ల మాస్టరు దగ్గర వేలు ఆగింది. ఫోన్ల షాపతను ఆమె పాత ఫోనులోంచి ఎక్కించిన పేర్లలో అదొకటి. చెల్లెలికి ఆయనెవరో తెలియదు, పోయిన సంగతీ తెలియదు. ఆ నంబరు ఉండదనే అనుకుంటూ నొక్కింది.

మోగింది. ఆగిపోయేదాకా మోగింది. ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత చెల్లెలి కోసం చేసే ఫోన్లు ఒక్కొక్కటే మానేసింది. ఇదొక్కటి మానలేదు. రోజూ అన్నం తినడం కాగానే ఆ పేరు నొక్కి, చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుంటుంది. ఎక్కడో ఒక గదిలో, సొరుగులోనో గూట్లోనో, అది మోగుతూ ఉంటుంది. ఆయన గొంతు సవరించుకుంటాడని, కత్తెర ఇలా ఇవ్వండి అంటాడని ఎదురుచూసేటంత వెర్రిది కాదు. కానీ మోగుతున్నంతసేపూ ఎదుటి స్టూలు మీద తానులు లేవు. ఎవరూ ఎత్తరని తెలిసి ఆమె ఒకటి రెండు మాటలు కూడా అనేది. ఇవాళ నల్ల కోటు, నల్ల దారం, కళ్ళు పోతున్నాయి మాస్టారూ, అని.

ఇవాళ కూడా నొక్కింది. మోగుతూ మోగుతూ మధ్యలో ఠక్కున ఆగింది. ఫోను పెట్టేసిన చప్పుడు కాదు. అవతల ఎవరో ఊపిరి తీస్తున్నారు.

కాజాలామె నోట్లోంచి తెలియకుండానే చిన్న కేక వచ్చింది.

"ఆడమనిషివే అనుకున్నాను," అంది అవతలి గొంతు. పెద్దావిడ గొంతు, మెల్లగా ఉంది. "పెట్టెయ్యకమ్మా. రోజూ ఈ వేళకు నువ్వు చేస్తావని చూస్తూ కూర్చునేదాన్ని. ఎత్తితే మానేస్తావేమోనని ఎత్తలేదు. ఇవాళ తప్పలేదు."

మాస్టరు భార్య. దినం రోజున ఒక్కసారి చూసింది, మూలన గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి.

"నువ్వెవరైనా సరే, నాకు కోపం లేదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఒక్క మాట మాట్లాడు, చాలు."

కాజాలామె పెట్టేసింది. వేలు దానంతటదే నొక్కేసింది. మెట్ల మీద డబ్బా మూత దొర్లుకుంటూ కిందదాకా వెళ్ళి ఎక్కడో ఆగింది. ఆమె తీసుకోవడానికి లేవలేదు.

ఆ మధ్యాహ్నం కుట్టిన కాజా విప్పి మళ్ళీ కుట్టింది. అలాంటిదేమీ లేదండీ, మీరనుకునేది కాదండీ అని మనసులో చెప్పుకుంది. చెప్పిన ప్రతిసారీ, దారాలు ఎక్కించిన ఆ సూదులు కళ్ళ ముందుకు వచ్చి మాట తడబడింది. లేదని చెబితే అబద్ధం కాదు. పూర్తిగా నిజమూ కాదేమో. అయినా ఆ మనిషి రోజూ అక్కడ కూర్చుని ఉండేదన్నమాట, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఎత్తకుండా. పని కాగానే మళ్ళీ చేసి మాట్లాడాలని నిశ్చయించుకుంది.

పొద్దు వాలుతుండగా చెల్లెలు ఫోను చేసింది. ఆ వేళప్పుడు ఎప్పుడూ చెయ్యదు. నవ్వుతోంది, నవ్వు వెనక కాస్త ఏడిచినట్టు కూడా ఉంది.

"ఎవరక్కా ఆ ప్యాంట్ల మాస్టరు? నా ఫోనులో రోజూ ఆ పేరే ఉందని మీ మరిది నాలుగు రోజులుగా మొహం మాడ్చుకుని తిరుగుతున్నాడు. మా అక్క చేసిన ఫోన్లు మహాప్రభో అంటే నమ్మడే."

"మా షాపులో పని చేసేవారు," అంది కాజాలామె.

చెల్లెలు ఇంకేదో ఆట పట్టించబోయి, అక్క గొంతు విని మానేసింది. చివరికి మొగుణ్ణి వెంటబెట్టుకునే ఫోన్ల షాపుకు వెళ్ళానని, అక్క ఫోనును తన అకౌంటులోంచి తీయించేశానని, ఇక ఎవరివి వాళ్ళకే అని చెప్పింది. నీ సంగతులు నీకు, నా సంగతులు నాకు, పీడా పోయింది అంది. అక్కకు మాట్లాడే మనుషులున్నారని తెలిసి మనసు కుదుటపడిందట, ఆ మాటా చెప్పింది.

ఫోను పెట్టి చూస్తే వరసంతా తెల్లగా ఉంది. చెల్లెలి వదినలూ టీచర్లూ లేరు. రైళ్ళ ఎంక్వైరీ లేదు. పేర్లన్నీ చెల్లెలి అకౌంటులో ఉన్నవే, దానితో పాటే పోయాయి. ఇప్పుడే వచ్చిన ఫోనొక్కటి మిగిలింది. దానికీ పేరు లేదు, అంకెలున్నాయి. మాస్టరు అంకెలు ఆమె ఏనాడూ చూడలేదు. పేరు నొక్కడమే తప్ప.

కిందికి దిగి ఓనరును అడిగింది. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశాడు. పోయినవాళ్ళ నంబరు ఎందుకమ్మా, ఎప్పుడో తీసేశాను అన్నాడు. ఒంట్లో బాగుందా అని కూడా అడిగాడు. ఆమె సగం కుట్టిన కోటును మడిచి బల్ల మీద పెట్టి, వేళ కాకముందే బయటికి వచ్చింది.

ఒక్కసారి వెళ్ళిన ఇల్లు. వంతెన దిగి, సైకిళ్ళ షాపు పక్క సందులోకి తిరగాలని గుర్తు. ఆ సందు కాదు, తర్వాతిది. దారిపొడుగునా చెప్పవలసిన మాటలు కూడబలుక్కుంది. మీ ఆయనకు ఎదురుగా కూర్చునేదాన్ని అని మొదలుపెట్టాలి. చెల్లెలి సంగతి చెప్పాలి, గ్యాసువాళ్ళ సంగతి చెప్పాలి, ఆవిడ నవ్వినా సరే. నవ్వితే మంచిదే. తర్వాత సూదుల సంగతి. అది ఆవిడకు తప్ప ఇంకెవరికీ చెప్పేది కాదు.

తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఒకామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఊడుస్తోంది. ఉన్నది ఒక్క గదే, అందులో సామాను లేదు. మంచం ఉన్నచోట నేల నాలుగు మూలలా తెల్లగా ఉంది.

ఊడ్చేది పక్కింటామె. మాస్టరు భార్యను ఆవిడ తమ్ముడు వ్యాను తెచ్చి ఇప్పుడే తీసుకుపోయాడని చెప్పింది. ఒంటరిగా ఎన్నాళ్ళుంటావని ఎప్పటి నుంచో పోరుతున్నాడట. ఏ ఊరో సరిగా తెలియదు, చాలా దూరం. మాస్టరు నంబరుకు ఇన్నాళ్ళూ డబ్బు కట్టింది కూడా ఆ తమ్ముడే, ఇక కట్టనన్నాడు, రేపటి నుంచి అది ఉండదు. ఆ అంకెలు పక్కింటామెకూ తెలియవు.

"మధ్యాహ్నానికే సామానంతా ఎక్కించేశారమ్మా. ఈవిడ మాత్రం ఫోను ఒళ్ళో పెట్టుకుని ఇక్కడే, ఈ గోడకు ఆనుకుని కూర్చుంది. ఇంకొక్కసారి మోగుతుంది, ఆగండి అంటుంది. మీరే చెయ్యండంటే, నేను చేస్తే బెదిరిపోతుంది అంటుంది. మా ఆయన్ని తలుచుకునే మనిషి ఇంకొకరున్నారు, చెప్పి వస్తాను అంటుంది. వాళ్ళు హారను కొట్టీ కొట్టీ విసిగిపోయారు. మోగలేదు. లేచి వెళ్ళిపోయింది."

చీపురు గోడకు ఆనించి పక్కింటామె తేరిపార చూసింది. "మీరు వాళ్ళకేమవుతారు?"

కాజాలామె మెడ అలాగే ఒరిగి ఉంది.

"మాస్టరుగారికి ఎదురుగా కూర్చునేదాన్ని," అంది.

పక్కింటామె చెత్త ఎత్తుకుని బయటికి వెళ్ళింది. వీధిలో ఎవరిదో ఫోను మోగింది. ఎవరో ఎత్తారు, మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. ఖాళీ గదిలో, నేలకు జానెడు ఎత్తున, గోడకు చార్జరు ఒకటి తగిలించి ఉంది. దాని తీగ నేల మీదికి జారి, గోడ పక్కనే చుట్టుకుని పడి ఉంది. కొసన ఏమీ లేదు. స్విచ్చి ఆర్పడం మరిచిపోయారు. చార్జరు మీద ఆవగింజంత ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.